కదలకూడదు, కానీ చేతికి రావాలి: ఫ్యామిలీ ఎస్‌యూవీకి మ్యాట్లు, డిక్కీ ట్రే ఎంచుకోవడం

కొత్త బండి డెలివరీకి ముందు షోరూమ్ వాళ్లు ఒక జాబితా చేతిలో పెడతారు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, డోర్ వైజర్లు, సీట్ కవర్లు, డిక్కీ మ్యాట్. పదిహేను ఇరవై లక్షలు పెట్టినవాళ్లకు ఇంకో పదివేలు పెద్ద మొత్తంగా కనబడదు కాబట్టి చాలామంది సరే అనేస్తారు. సీట్ కవర్ల రంగు గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. మ్యాట్ దగ్గరికి వచ్చేసరికి నలుపా, లేత గోధుమ రంగా అన్నదానితో మాట అయిపోతుంది. ఆ జాబితాలో డ్రైవర్ కాళ్ల కింద, బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ అంగుళం దూరంలో ఉండే వస్తువు మ్యాట్ ఒక్కటే. అసలు మాట్లాడుకోవాల్సింది దాని గురించి.

మ్యాట్ నుంచి మనకు కావలసినవి రెండు, అవి ఒకదానికొకటి ఎదురు. డ్రైవర్ కాళ్ల కింద అది ఇసుమంత కూడా జరగకూడదు. అదే మ్యాట్ దులపడానికి, కడగడానికి, కింద తడి ఉందేమో చూడటానికి రెండు నిమిషాల్లో బయటికి రావాలి. మార్కెట్లో దొరికే రకాల్లో కొన్ని గట్టిగా కూర్చుంటాయి గానీ బయటికి రావు. కొన్ని సులువుగా వస్తాయి గానీ కాలు పెడితే జరుగుతాయి. రెండు పనులూ చేసేవి కొన్నే. అమ్మేవాళ్లు చెప్పే పొరలు, కుట్లు, మెరుపు అన్నీ ఈ రెండు ప్రశ్నల తర్వాతే. అందుకే నన్ను ఎవరైనా అడిగితే మెటీరియల్ దగ్గర కాకుండా పెడల్ దగ్గర మొదలుపెడతాను.

పెడల్ దగ్గర

2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలోని శాన్ డియేగో దగ్గర ఒక ప్రమాదం జరిగింది. డ్యూటీలో లేని ఒక హైవే పెట్రోల్ అధికారి కుటుంబంతో కలిసి లెక్సస్ ఈఎస్ 350లో వెళ్తున్నాడు. సొంత కారు సర్వీసుకు ఇస్తే దాని బదులు డీలర్ ఇచ్చిన కారు అది. వేగం తగ్గకుండా పెరుగుతూ పోయి, కారు అదుపు తప్పి, నలుగురూ చనిపోయారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, అందులో వేసిన రబ్బరు మ్యాట్ ఆ కారుది కాదు. అదే కంపెనీ ఎస్‌యూవీ కోసం చేసిన పెద్ద మ్యాట్. యాక్సిలరేటర్ పెడల్ దానికి చిక్కుకుపోయింది. రోడ్డు మీద బండ్లు నడపడమే వృత్తిగా ఉన్న మనిషి కూడా దాన్ని ఆపలేకపోయాడు.

నెల రోజుల తర్వాత, లెక్సస్ కార్లు తయారుచేసే టయోటా అమెరికాలో సుమారు 38 లక్షల కార్లకు మ్యాట్ల విషయంలో రీకాల్ ప్రకటించింది. కారు తనంతట తాను దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్ లోపం ఏదైనా ఉందా అని నాసా ఇంజినీర్లు కూడా పరిశీలించారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన ఫలితాల్లో అలాంటి లోపానికి ఆధారం దొరకలేదు. మిగిలిన కారణాలు రెండే: తొక్కాక పైకి రాకుండా అతుక్కుపోయే పెడల్, మ్యాట్‌లో చిక్కుకునే పెడల్. ఈ రెండు సమస్యల గురించి వినియోగదారులను తప్పుదారి పట్టించిన కేసులో 2014 మార్చిలో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఒక రబ్బరు మ్యాట్ ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఆ ప్రమాదానికి దారితీసిన తప్పు మన ఊళ్లలో రోజూ కనబడుతుంది. వేరే మోడల్ మ్యాట్‌ను అంచులు కత్తిరించి వేస్తారు. డ్రైవర్ వైపు నేలకు ఉన్న హుక్కులకు తగిలించకుండా వదిలేస్తారు. అన్నిటికంటే ఎక్కువగా, కంపెనీ ఇచ్చిన కార్పెట్ మ్యాట్ మాసిపోకుండా దాని మీద ఇంకో రబ్బరు మ్యాట్ పరుస్తారు. ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేస్తే పైదానికి పట్టు ఉండదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ మడమ దాన్ని కాస్త ముందుకు నెడుతుంది. కొన్ని వారాల్లో అది పెడల్ కిందికి చేరుతుంది. డ్రైవర్ వైపు ఒక్క మ్యాటే ఉండాలి, అది హుక్కుకు తగిలి ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

పరీక్ష ఇంటి ముందే చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, సీటును మీరు నడిపే స్థానంలో పెట్టుకుని యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కండి. వదలగానే ఎక్కడా రాసుకోకుండా పైకి రావాలి. తర్వాత మ్యాట్‌ను చేత్తో పెడల్స్ వైపు గట్టిగా నెట్టి, మళ్లీ తొక్కి చూడండి. నెడితే జరిగే మ్యాట్‌ను షాపులోనే తిరిగి ఇచ్చేయండి. పెడల్ పైనుంచి వేలాడుతోందా, నేలకు బిగించి ఉందా అనేది కూడా చూడాలి. కొన్ని కార్లలో యాక్సిలరేటర్ కింది అంచు నేలకే బిగించి ఉంటుంది. అక్కడ మ్యాట్ అంచు పెడల్ చుట్టూ కచ్చితంగా కోసి ఉండాలి. దాని మీదికి ఎక్కినా, కిందికి దూరినా ప్రమాదమే.

మాన్యువల్ గేర్ బండ్లలో ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని మ్యాట్‌కు ముడిపెట్టి ఆలోచించేవాళ్లు తక్కువ. క్లచ్ పెడల్ పూర్తిగా కిందిదాకా వెళ్లాలి. మందపాటి మ్యాట్ దాన్ని ఒకటి రెండు సెంటీమీటర్ల ముందే ఆపేస్తే క్లచ్ పూర్తిగా విడదు. ఫస్ట్ గేర్, రివర్స్ గేర్ పడేటప్పుడు కరకరమంటాయి. క్లచ్ ప్లేటు పోయిందేమోనని మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు మ్యాట్ తీసి ఒకసారి గేర్ వేసి చూడండి.

నడుస్తుండగా నిజంగానే యాక్సిలరేటర్ ఇరుక్కుంటే వంగి మ్యాట్ లాగబోవద్దు. బ్రేకును గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. పదేపదే తొక్కి వదిలితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. గేర్‌ను న్యూట్రల్‌కు తెచ్చి, పక్కకు ఆపాక ఇంజిన్ ఆపండి. బటన్ స్టార్ట్ కార్లలో నడుస్తుండగా ఇంజిన్ ఆగాలంటే చాలావాటిలో బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి. శాన్ డియేగో కారులోనూ అంతే, మూడు సెకన్లు నొక్కాలి. మీ కారులో ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. బండి నడిపే ఇంట్లోవాళ్లందరికీ అది తెలిసి ఉండాలి.

మ్యాట్ కింద ఏముంది

మనకు కనబడే కార్పెట్ పలచని పొర మాత్రమే. దాని కింద శబ్దాన్ని ఆపడానికి మందపాటి ఫెల్ట్ లేదా ఫోమ్ ఉంటుంది. దాని కింద ఇనుప రేకు. గడపల పక్కనుంచి వైర్ల కట్టలు వెళ్తాయి. ముందు సీట్ల కింద కనెక్టర్లు ఉంటాయి, వాటిలో పసుపు రంగువి ఎయిర్‌బ్యాగ్‌లకు సంబంధించినవి. ఆ ఫెల్ట్ స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక తొందరగా వదలదు. పైన చేయి పెడితే పొడిగా అనిపిస్తుంది, గట్టిగా నొక్కితే తడి తగులుతుంది.

వానాకాలంలో ఆ తడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పైనుంచి: తడిసిన చెప్పులు, గొడుగు, పిల్లల రెయిన్‌కోట్లు. దీన్ని మంచి ట్రే మ్యాట్ ఆపుతుంది. రెండోది కిందినుంచి, పక్కనుంచి: ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోవడం, సన్‌రూఫ్ నీళ్లు దిగే సన్నని గొట్టాల్లో ఆకులు, దుమ్ము చేరడం, డోర్ రబ్బరు ఊడిపోవడం. దీన్ని ఏ మ్యాటూ ఆపదు. పైగా నాలుగు వైపులా అంచులున్న మ్యాట్ ఆ తడిని మన కంటపడకుండా దాచేస్తుంది, ఆరనివ్వదు. కారు ఎక్కగానే ముక్కిపోయిన వాసన వస్తుంటే పెర్ఫ్యూమ్ డబ్బా కొనకండి. మ్యాట్లన్నీ తీసి కార్పెట్‌ను పిడికిలితో నొక్కి చూడండి. ముందు ఎడమ సీటు దగ్గర మాత్రమే తడిగా ఉంటే మొదట అనుమానించాల్సింది ఏసీ గొట్టాన్నే.

ఇందుకే మ్యాట్ తీయగలిగేలా ఉండాలని అంత గట్టిగా చెబుతున్నాను. రోజూ తీయక్కర్లేదు. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో కారు కడిగినప్పుడల్లా ఎత్తి చూస్తే చాలు.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగినప్పుడు చాలామంది నీళ్లు తగ్గాక పైన తుడిచి మళ్లీ అవే మ్యాట్లు పరిచారు. వరద నీళ్లు సీటు దాకా వచ్చిన బండికి సీట్లు, కార్పెట్, ఫెల్ట్ మొత్తం బయటికి తీసి ఆరబెట్టాల్సిందే. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా టోయింగ్ చేయించాలి. అలాంటి బండ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తూనే ఉంటాయి. పాత ఎస్‌యూవీ కొనేటప్పుడు మెరిసే కొత్త మ్యాట్లు చూసి మురిసిపోకుండా వాటిని ఎత్తండి. కార్పెట్ కింద బురద గీతలు, సీటు బోల్టులకు తుప్పు, స్పేర్ వీల్ గుంటలో ఒండ్రు ఉన్నాయేమో వెతకండి.

7డి, టీపీఈ, గడ్డి మ్యాట్

ఇక రకాల సంగతి. 3డి, 5డి, 7డి, 9డి అన్నవి ఏ ప్రమాణ సంస్థా ఇచ్చిన గ్రేడ్లు కావు, అమ్మకం పేర్లు. మామూలుగా 5డి, 7డి అని అమ్మేది కృత్రిమ తోలు పైపొర, మధ్యలో ఫోమ్, కింద ఇంకో పొర, వాటిని కలుపుతూ డైమండ్ ఆకారంలో కుట్లు. కొన్నిటికి పైన తీయగలిగే గడ్డి మ్యాట్ (ప్లాస్టిక్ పోగులు ఉంగరాలుగా అల్లుకున్న మ్యాట్) ముక్క కూడా వస్తుంది. గడపల మీది దాకా ఎక్కి, నేల మొత్తాన్ని కప్పేస్తుంది కాబట్టి చూడటానికి బాగుంటుంది. కొత్త కారు లోపల నిండుగా కనబడుతుంది. ఇది జనానికి ఎందుకు నచ్చుతుందో నాకు అర్థమవుతుంది.

అయినా కుటుంబ బండికి నేను దాన్ని సిఫార్సు చేయను. కుట్టు అంటే సూది రంధ్రం, ఒక్కో మ్యాట్‌లో అలాంటివి వందలు. పైపొర వాటర్‌ప్రూఫ్ అయినా కుట్ల గుండా నీళ్లు ఫోమ్‌లోకి దిగుతాయి. చాలా షాపుల్లో అంచులను ప్లాస్టిక్ ట్రిమ్‌ల కింద దూర్చి బిగిస్తారు. వాటిని మనం ఇంట్లో తీయలేం, తీస్తే క్లిప్పులు విరుగుతాయి. అంటే పైనుంచి దిగిన నీళ్లు లోపలే ఉండిపోతాయి, కింద ఏం జరుగుతోందో తెలియదు. ముందు సీట్ల కింద వెనకవాళ్ల కాళ్లకు గాలి వచ్చే రంధ్రాలుంటే 7డి మ్యాట్ వాటిని కప్పేస్తుంది. హైబ్రిడ్ కార్లలో కొన్నిటికి బ్యాటరీని చల్లబరిచే గాలి సీటు పక్కనుంచో కిందినుంచో లోపలికి వెళ్తుంది. ఆ జాలీకి ఏదీ అడ్డం రాకూడదు. అన్నిటికీ మించి డ్రైవర్ కాళ్ల దగ్గర ఆ మందం నాకు నచ్చదు. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు మొత్తం పీకేయక్కర్లేదు. పైన చెప్పిన పెడల్ పరీక్ష, క్లచ్ పరీక్ష చేసి, తేడా ఉంటే డ్రైవర్ వైపు ముక్క మాత్రం మార్పించుకోండి.

మూడో వరస ఉన్న బండ్లలో 7డితో ఇంకో చిక్కు ఉంది. వెనక్కి వెళ్లడానికి రెండో వరస సీటును ముందుకు మడిచి దొర్లించే బండ్లలో, ఆ సీటు వెనక కాళ్లు నేల మీది ఇనుప కొక్కేలను పట్టుకుంటాయి. మ్యాట్ మడత ఆ కొక్కెం మీదికి వస్తే సీటు కూర్చున్నట్టే కనబడుతుంది గానీ లాక్ పడదు. ఆ సీట్లో కూర్చునేది పిల్లలో, పెద్దవాళ్లో. సీటు వెనక్కి వేసిన ప్రతిసారీ గట్టిగా ఊపి చూడటం అలవాటు చేసుకోవాలి.

టీపీఈ అనేది రబ్బరులా వంగుతూ, ప్లాస్టిక్‌లా అచ్చుపోయగలిగే పదార్థం. దీనికి దగ్గరి బంధువే టీపీవీ. ఒకే అచ్చులో పోస్తారు కాబట్టి కుట్లు ఉండవు. రబ్బరు కంటే తేలిక, పీవీసీ కంటే వాసన చాలా తక్కువ. మోడల్‌కు తగినట్టు నేలను స్కాన్ చేసి అచ్చు తీస్తే అంచులు రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేచి, నీళ్లను తొట్టిలా పట్టి ఉంచుతాయి. హుక్కు రంధ్రాలు కంపెనీ ఉంచిన చోటే వస్తాయి. కడగాలంటే తీసి పైపు పెడితే చాలు. నా ఓటు దీనికే. దీనిలో కూడా నాసిరకం ఉంది. చేత్తో మడిచి వదిలితే వెంటనే పూర్వ ఆకారానికి రావాలి. మడత దగ్గర తెల్లగా గీత పడితే, ముక్కు దగ్గర పెట్టినప్పుడు ఘాటు వాసన వస్తే పక్కన పెట్టేయండి.

ఆ వాసన పరీక్ష మన ఎండల వల్ల మరీ ముఖ్యం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 38 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎండలో గంట నిలిపిన కారు లోపల సగటున 47 డిగ్రీలకు చేరింది, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఆఫీసు బయట రోజంతా నిలిపే బండి సంగతి వేరే చెప్పక్కర్లేదు. మ్యాట్లలో వాడే పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి రసాయనాలు ఆ వేడికి ఆవిరై బయటికి వస్తాయి. కొత్త కారు అద్దాల లోపలివైపు పట్టే జిడ్డు పొరకు అదీ ఒక కారణం. అవి పోయేకొద్దీ మ్యాట్ గట్టిపడి, అంచులు పైకి తిరుగుతాయి. డ్రైవర్ వైపు అంచు తిరిగిన రోజే ఆ మ్యాట్ పని అయిపోయినట్టు.

మామూలు రబ్బరు మ్యాట్ చవక, గట్టిది, బరువు. ఇంటి దగ్గరి రోడ్ల మీదే తిరిగే బండికి హుక్కుకు సరిపోయే రబ్బరు మ్యాట్ దొరికితే దానితో తప్పేం లేదు. కార్పెట్ మ్యాట్ కాలికి హాయిగా ఉంటుంది గానీ మన వానలకు పనికిరాదు.

గడ్డి మ్యాట్, కొందరు నూడిల్ మ్యాట్ అంటారు, దాని గుణం మీ ఊరి మట్టిని బట్టి ఉంటుంది. బాపట్ల, విశాఖ వైపు తీరానికి తరచూ వెళ్లేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. ఇసుక ఆ ఉంగరాల మధ్యలోకి దిగిపోతుంది, పాదానికి తగలదు, తీసి తిరగేసి కొడితే రాలిపోతుంది. అదే పల్నాడులోనో, ఆదిలాబాద్‌లోనో నల్లరేగడి పొలంలోకి వానలో దిగి వచ్చి దాని మీద కాలు పెడితే, ఆ జిగట మట్టి ఉంగరాల్లో ఇరుక్కుని ఎండి రాయైపోతుంది. గంటసేపు నానబెట్టినా పూర్తిగా వదలదు. నల్లరేగడి నేలల్లో తిరిగేవాళ్లకు వెడల్పాటి గాడులున్న టీపీఈ ట్రేనే మేలు. మట్టి పెళ్లలుగా ఊడి వస్తుంది. గాడులు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటే అక్కడా అదే తిప్పలు.

అమ్మేవాళ్లను తప్పక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, నిప్పు తగిలితే ఎంత వేగంగా అంటుకుంటుందని. కారు లోపల వాడే వస్తువులు కాలే తీరుకు మన దేశంలో ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. అమెరికా నిబంధనలో మంట నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా పాకకూడదు. కంపెనీ ఒరిజినల్ మ్యాట్లు ఇలాంటి పరీక్షలు దాటి వస్తాయి. బయటి మ్యాట్ ప్యాకెట్ మీద ఆ మాట లేకపోతే అడగండి. సమాధానం చెప్పగలిగిన వాళ్ల దగ్గరే కొనండి.

డిక్కీ ట్రే ఎంత నీటిని ఆపుతుంది

డిక్కీలో మనం పెట్టేవి చూస్తే ట్రే ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ, పాతిక కిలోల బియ్యం బస్తా, మామిడిపళ్ల క్రేట్, గోదావరి జిల్లాల నుంచి ఐసులో పెట్టి తెచ్చే చేపల థర్మాకోల్ పెట్టె, నది స్నానం తర్వాత తడి బట్టల మూటలు. 2027లో గోదావరి పుష్కరాలు, అప్పుడు ఆ తడి మూటలు ఇంకా ఎక్కువ. కార్పెట్‌లోకి ఒకసారి దిగిన చేపల నీళ్ల వాసన ఎండాకాలం మొత్తం పోదు.

"ఎంత పోసినా బయటికి రాదు" అని షాపులో చెప్పే మాటను మాత్రం లెక్క వేసి చూద్దాం. మీటరు వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల ఎత్తు అంచు ఉన్న ట్రే అనుకుందాం. చదునైన చోట అంచుదాకా నింపితే 27 లీటర్లు పడతాయి. బండి ముందుకో వెనక్కో కేవలం మూడు డిగ్రీలు వాలితే అదే ట్రే ఎనిమిదిన్నర లీటర్లే ఆపగలదు. సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా బ్రేకు వేస్తే ఒకటిన్నర లీటరుకు మించి ఆగదు. అంచును ఐదు సెంటీమీటర్లు చేసినా ఆ బ్రేకుకు నాలుగు లీటర్ల దగ్గరే ఉంటుంది. అంటే ట్రే కారిపోయే నూనెకు, కరిగే ఐసుకు, తడి బట్టలకు చాలు. మూత ఊడిన 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను అది ఆపలేదు, దాన్ని నిలబెట్టి కట్టుకోవాల్సిందే. సామాను ఎక్కించడానికి వీలుగా చాలా ట్రేల్లో వెనక తలుపు వైపు అంచు తక్కువ ఎత్తులో ఉంటుంది. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు నీళ్లు వచ్చేది సరిగ్గా ఆ వైపుకే. జాడీని ముందువైపు, సీటు వీపుకు ఆనించి పెట్టండి.

అంచు ఎత్తు కంటే నేను ముందు చూసేది పైభాగం గరుకుదనం. గట్టి ప్లాస్టిక్ ట్రేల్లో సామాను మలుపు మలుపుకూ అటూ ఇటూ జారుతుంది. జారే బియ్యం బస్తా శబ్దం చేసి ఊరుకోదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందున్న సీటు వీపును గుద్దుతుంది, మూడో వరస లేచి ఉంటే అక్కడ పిల్లలుంటారు. కాస్త మెత్తగా, గరుకుగా ఉండే టీపీఈ ట్రే కొని, నేల మీది కొక్కేలకు వల గానీ బెల్టు గానీ బిగించండి. ట్రే ఆ కొక్కేలను కప్పేయకుండా ఉండాలి. సీటు వీపు మీదికి ఎక్కే రకం కొంటే చైల్డ్ సీటు పై పట్టీ తగిలించే హుక్కు దాని కింద పడిపోకుండా చూసుకోండి. నేలకు ఆనే కాలు ఉన్న చైల్డ్ సీట్లకైతే ఆ కాలి కింద ఫోమ్ మ్యాట్ ఉండకూడదు, గట్టి నేల ఉండాలి.

ఆవకాయ నూనె ఒలికితే ఆలస్యం చేయకుండా తుడిచేయండి. సహజ రబ్బరుకు నూనె పడదు, ఉబ్బి జిగటగా మారుతుంది. టీపీఈలో కొన్ని రకాలకూ అంతే. గిన్నెలు కడిగే సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు.

మోడల్ పేరు చెబితే సరిపోదు

ఆర్డర్ పెట్టేటప్పుడు జరిగే తికమక ఎక్కువగా పేర్ల వల్లే. ఇన్నోవా అంటే క్రిస్టానా, హైక్రాసా? రెండింటి నేల నిర్మాణమే వేరు. స్కార్పియో-ఎన్, స్కార్పియో క్లాసిక్ కూడా అంతే. హ్యారియర్ ఐదు సీట్లది, సఫారీకి మూడో వరస ఉంటుంది, క్రెటాకూ అల్కజార్‌కూ మధ్య తేడా కూడా ఇలాంటిదే. ఒకే మోడల్లోనూ ఆరు సీట్ల బండికి రెండో వరసలో కెప్టెన్ సీట్ల మధ్య నడిచే దారి ఉంటుంది, ఏడు సీట్ల బండికి బెంచీ ఉంటుంది. ఒకదాని మ్యాట్ ఇంకోదానికి సరిపోదు.

డిక్కీ ట్రే విషయంలో ఇంధనం రకం కూడా చెప్పాలి. బ్రెజా సీఎన్‌జీలో సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, పెట్రోల్ బ్రెజా ట్రే అందులో పట్టదు. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ వల్ల డిక్కీ నేల ఎత్తు మారిపోయింది. మూడు వరసల బండికైతే మీరు వెనక సీట్లు ఎక్కువగా లేపి ఉంచుతారా, మడిచి ఉంచుతారా అన్నది ముందు తేల్చుకోండి. లేపినప్పుడు మిగిలే చిన్న జాగాకు ఒక ట్రే, మడిచినప్పుడు వచ్చే పొడవాటి నేలకు ఇంకోటి ఉంటాయి. మడతపెట్టగలిగే రెండు ముక్కల రకం దొరికితే సగం సీటు మడిచి సగం లేపినా ఇబ్బంది ఉండదు. స్పేర్ వీల్, జాకీ డిక్కీ నేల కింద ఉన్న బండ్లలో ట్రే ఒక్క చేత్తో లేచేంత తేలికగా ఉండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు వెదర్‌టెక్ లాంటి లైనర్లు చూసి అక్కడినుంచి తెస్తామంటుంటారు. షికాగో చలికాలంలో బూట్లకు అంటుకుని వచ్చే మంచు, రోడ్డు మీద చల్లే ఉప్పు కార్పెట్‌నీ ఇనుమునూ తినేస్తాయి కాబట్టి అక్కడ అంత లోతైన తొట్టిలాంటి లైనర్లు అవసరమయ్యాయి. సరుకు మంచిదే. కానీ అక్కడ స్టీరింగ్ ఎడమవైపు. డ్రైవర్ మ్యాట్‌లో పెడల్స్ కోసం తీసిన కోత, ఎడమ కాలు ఆనించే చోటు అన్నీ తారుమారు. పేరు ఒకటే అయినా అక్కడి మోడల్ డ్రైవర్ మ్యాట్‌ను ఇక్కడ వేయకండి, కత్తిరించి సర్దుకోకండి. పిల్లలు తేవాలనుకుంటే డిక్కీలో సామాను సర్దుకునే పెట్టెలు, వలలు తెమ్మని చెప్పండి.

ఐదారుగురున్న ఇంటికి నేనైతే ఇలా కొంటాను: ముందు రెండు వరసలకు కచ్చితంగా ఆ మోడల్‌కే చేసిన టీపీఈ, మూడో వరసకు కంపెనీ కార్పెట్‌నే ఉంచి పైన ఏమీ లేకుండా, డిక్కీకి గరుకు ట్రే. డబ్బు అంతటికీ చాలకపోతే డ్రైవర్ మ్యాట్, డిక్కీ ట్రే ముందు. షోరూమ్ కిట్ నుంచి మ్యాట్లు తీసేయమని అడగొచ్చు, అది తప్పనిసరిగా కొనాల్సిన వస్తువేమీ కాదు. తీసేశాక బిల్లులో ఆ లైను పోయిందో లేదో చూసుకోండి.

బండి కడిగించినప్పుడు వాష్ సెంటర్ కుర్రాళ్లు మ్యాట్ల మీద కూడా టైర్లకు రాసే పాలిష్ రాస్తారు, నల్లగా మెరుస్తుందని. వద్దని ముందే చెప్పండి. ఆ సిలికాన్ పొర చెప్పు అడుగుకు అంటుకుని బ్రేకు పెడల్ మీద కాలు జారుతుంది. మ్యాట్లు నీడలో రెండువైపులా ఆరాకే లోపల వేయించండి. డ్రైవర్ వైపు మ్యాట్‌ను మాత్రం మీరే వేసి, రెండు హుక్కులూ టక్‌మని పడ్డాయో లేదో వంగి చూసి, యాక్సిలరేటర్‌ను ఒకసారి చివరిదాకా తొక్కి వదిలి, అప్పుడు స్టార్ట్ చేయండి.